దారిలో దిగిన విమానం

రెండేళ్ల కిందటి మాట. సంక్రాంతి వెళ్లిన వారం. రాత్రి పదకొండు దాటింది. పిల్లలు పడుకున్నారు. వంటిల్లు సర్దుకుని, లైటు తీసేయబోతుంటే ఫోన్ మోగింది. ఆళ్లగడ్డ నుంచి మామ. అంటే మా వారి మేనత్త భర్త.

"అమ్మీ, పడుకున్యారా? మీ అత్త ఎక్కిన విమానం అమెరికా చేరకముందే యాడనో దిగిందంట. అల్లుడు ఫోన్ చేసినాడు. నాకేం అర్థం కాలే. రొంత నువ్వు చూసి చెప్పు."

నా గుండె జారిపోయింది. అత్తకు అరవై రెండేళ్లు. షుగరు. రోజుకు రెండుసార్లు ఇన్సులిన్. కూతురికి నెలలు నిండుతున్నాయని పురుడు పోయడానికి బయల్దేరింది. అంతకు ముందు ఆమె చేసిన పెద్ద ప్రయాణమల్లా తిరుపతికి బస్సులో. మామకు మోకాళ్ల నొప్పులు, ఆయన వెళ్లలేకపోయారు. శంషాబాద్‌లో మేమే ఎక్కించి వచ్చాం. అలాంటి మనిషి ఇప్పుడు ఏ ఊళ్లో, ఏ దేశంలో ఉన్నట్టు?

విమానం నంబరు కొట్టి ఫోన్లో వెతికితే ఒక చిన్న పసుపుపచ్చ బొమ్మ కదలకుండా నిలబడి ఉంది. ఊరి పేరు గాండర్. కెనడా దేశపు తూర్పు అంచున న్యూఫౌండ్‌లాండ్ అనే దీవిలో ఉంది. ఆ పేరు నేను అప్పుడే మొదటిసారి విన్నాను. నంద్యాలలో నేనూ, ఆళ్లగడ్డలో మామా, అమెరికాలో నిండు చూలాలూ, ముగ్గురం ఆ బొమ్మనే చూస్తూ కూర్చున్నాం. తెల్లవారుజామున మూడు దాటాక గాని కూతురి దగ్గర్నుంచి కబురు రాలేదు. "అమ్మ దిగింది వదినా. ఎదురుగాలి ఎక్కువై ఇంధనం చాల్లేదంట. దారిలో పోయించుకుని వచ్చారు. అంతే!"

అంతే! కానీ ఆ 'అంతే' వెనక ఏం జరిగిందో అత్త తిరిగొచ్చాక ఆర్నెల్లకు గాని మాకు తెలియలేదు. అది చివర్లో చెబుతాను. ముందు, ఆ రాత్రి నన్ను పట్టి పీడించిన ప్రశ్న ఒకటుంది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు నలభై కిలోమీటర్లు పోయే బస్సుకు కూడా డిపోలో డీజిలు చూసుకునే కదా పంపిస్తారు? మరి సముద్రాలు దాటే విమానానికి బయల్దేరేటప్పుడే నిండా పోయరా?

నిండా ఎందుకు పోయరు?

మీకూ ఇదే అనుమానం వచ్చి ఉంటుంది. జవాబు మన నీళ్ల బిందెలోనే ఉంది. ఎండాకాలం దూరం నుంచి నీళ్లు మోసిన వాళ్లకు తెలుసు. ఒక బిందెతో నడిచినంత తేలిగ్గా రెండు బిందెలతో నడవలేం. విమానమూ అంతే. ఇంధనానికి కూడా బరువుంది. విమానాల్లో పోసేది మన పాత స్టౌల్లో పోసుకున్న కిరసనాయిలుకు దగ్గరి చుట్టమే. నూట ఎనభై మంది పట్టే మామూలు విమానం గంటకు సుమారు రెండున్నర టన్నులు తాగుతుంది. దూరప్రయాణాలు చేసే పెద్ద విమానం ఒక టన్ను అదనంగా పోసుకుంటే, పది గంటల ప్రయాణంలో దాదాపు మూడో వంతు ఆ అదనపు బరువును మోయడానికే ఖర్చయిపోతుంది. అత్తగారింటికి పంపిన సారెలో మూడో వంతు బండెద్దులే తినేసినట్టు!

పైగా ఎగిరేటప్పుడు ఇంత బరువుకు మించకూడదు, దిగేటప్పుడు ఇంతకు మించకూడదు అని ప్రతి విమానానికీ హద్దులుంటాయి. మనుషులు, సామాన్లు ఎక్కువైతే ఇంధనం తగ్గించాలి. ఎండ మండిపోతున్నప్పుడు గాలి పల్చబడుతుంది, రెక్కలకు పట్టు తగ్గుతుంది. అప్పుడు ఇంకా తేలిగ్గా ఎగరాలి. మన సీమ ఎండలు మనుషులనే కాదు, విమానాలనూ చిక్కిస్తాయన్న మాట.

అలాగని చాలీచాలకుండా పోయరు. దారి ఖర్చుకు కావలసింది, లెక్క తప్పితే ఆదుకోవడానికి కొంత, దిగాల్సిన ఊళ్లో వీలు కాకపోతే ఇంకో ఊరికి పోవడానికి కొంత, ఇవన్నీ పోనూ జెట్ విమానాలకు మరో 30 నిమిషాలు గాల్లో తిరగడానికి సరిపడా మిగలాలి. ఈ ఆఖరి అరగంటది మన పోపుల డబ్బాలో దాచిన డబ్బులాంటిది. ఉందని తెలిసినా దానిమీద చెయ్యి వేయకూడదు. అది తరిగే సూచన కనపడితే ముందే ఎక్కడో ఒకచోట దిగి పోయించుకోవాలి. అత్త విమానం చేసిందదే. అది ప్రమాదం కాదు, ప్రమాదం రాకుండా పడిన జాగ్రత్త. ఈ సంగతి ఆ రాత్రి తెలిసుంటే మా ముగ్గురికీ కాస్త కునుకు పట్టేది.

గాలి, మంచు, మూసిన దారులు

లెక్క ఎందుకు తప్పుతుంది? మొదటి కారణం గాలి. బాగా ఎత్తున పడమటి నుంచి తూర్పుకు పెద్ద గాలుల ప్రవాహం ఉంటుంది. అమెరికా నుంచి వచ్చేటప్పుడు అది వెనకనుంచి తోస్తుంది. పోయేటప్పుడు ఎదురొస్తుంది. చలికాలంలో దాని జోరు ఎక్కువ. 2011 డిసెంబరులో యునైటెడ్ సంస్థ బోయింగ్ 757 విమానాలు యూరప్ నుంచి అమెరికాకు సుమారు 1,100 సార్లు వెళితే, 43 సార్లు దారిలో ఇంధనం కోసం దిగాల్సి వచ్చింది. అలా దిగే ఊళ్లలో గాండర్ ముఖ్యమైనది. పాతకాలం విమానాలు సముద్రం దాటేముందూ, దాటాకా ఊపిరి పీల్చుకున్న ఊరది. 2001 సెప్టెంబరు 11న అమెరికా తన ఆకాశాన్ని మూసేస్తే 38 పెద్ద విమానాలు అక్కడే దిగాయి. దాదాపు 6,600 మంది! పదివేల జనాభా ఉన్న ఊరు. అక్కడి ఇల్లాళ్లు వండి పెట్టి, పక్కలు పరిచి, రోజుల తరబడి వాళ్లను సాకారు. అత్త అలాంటి ఊళ్లో దిగిందని తరవాత చదివి తెలుసుకుని నేను కాస్త ఊరట పడ్డాను.

రెండో కారణం దిగాల్సిన ఊళ్లో మంచో, వానో. 2015 ఆగస్టు 18న దోహా నుంచి కొచ్చి వచ్చిన జెట్ ఎయిర్‌వేస్ విమానం అక్కడ దిగలేక తిరువనంతపురం పోయింది. అక్కడా చూపు ఆనక, ఏడో ప్రయత్నంలో గాని నేలను తాకలేదు. అప్పటికి ట్యాంకులో మిగిలింది బహు స్వల్పం.

మూడోది, దేశాల మధ్య తగువులు. 2019 ఫిబ్రవరి ఆఖరులో పాకిస్తాన్ తన ఆకాశమార్గం మూసేసింది. జూలై 16 దాకా పూర్తిగా తెరవలేదు. ఆ నెలల్లో ఎయిర్ ఇండియా వారి అమెరికా విమానాలు చుట్టు తిరిగి, వియన్నాలో ఇంధనం పోయించుకుని వెళ్లాయి. ఇండిగో వారి ఢిల్లీ-ఇస్తాంబుల్ విమానం దోహాలో ఆగి వెళ్లింది. 2025 ఏప్రిల్‌లో మళ్లీ అదే పరిస్థితి వచ్చింది. పక్కింటివాళ్లు సందు మూసేస్తే మనం ఊరు చుట్టి రావలసినట్టు.

మన తిరుపతి పొలాల్లో...

ఇదంతా ఎక్కడో పరాయి దేశాల ముచ్చట అనుకోకండి. 1993 నవంబరు 15న మన రాయలసీమ నేలమీదే జరిగింది. అప్పటికి నేను ఆరేళ్ల పిల్లని. మా ఇంట్లో పెద్దవాళ్లు పేపరు చుట్టూ చేరి చెప్పుకోవడం లీలగా గుర్తు.

ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి ఎయిర్‌బస్ మద్రాసు నుంచి హైదరాబాద్ బయల్దేరింది. లోపల 262 మంది. అప్పట్లో మన సినిమావాళ్లు ఆ రెండు ఊళ్ల మధ్య ఎడతెగకుండా తిరిగేవాళ్లు కదా. చిరంజీవి, బాలకృష్ణ, విజయశాంతి కూడా అందులో ఉన్నారు. హైదరాబాద్‌లో సరిగ్గా చూపు ఆనక విమానం దిగకుండా మళ్లీ పైకి లేచింది. అక్కడ వచ్చింది చిక్కు. రెక్కల వెనక అంచున పలకలుంటాయి. దిగేటప్పుడు వాటిని చాపుతారు, పైకి లేచాక ముడుస్తారు. ఆ రోజు అవి ముడుచుకోలేదు. విప్పిన గొడుగు పట్టుకుని ఎదురుగాలిలో నడిచి చూడండి, ఎంత శ్రమో! విమానానికీ అదే గతి. వేగం తగ్గింది, ఇంధనం మంచినీళ్లలా ఖర్చయింది. అలాగే మద్రాసుకు వెనక్కి మళ్లింది. చేరేంత ఇంధనం లేదు. చివరికి తిరుపతి దగ్గర వరి పొలాల్లో దింపాల్సి వచ్చింది. విమానం దెబ్బతింది గాని 262 మందిలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. మెత్తటి మడి ఆదుకుందో, ఏడుకొండలవాడే కాచాడో... ఇంట్లో పెద్దవాళ్లు రెండోదే అన్నారు.

కొలత తప్పితే?

వంటింట్లో కొలత తప్పితే ఉప్పు ఎక్కువవుతుంది. ఆకాశంలో తప్పితే? కెనడాలో 1983 జూలై 23న అదే జరిగింది. ఎయిర్ కెనడా వారి కొత్త బోయింగ్ 767కు ఇంధనం చూపించే మీటరు పనిచేయలేదు. చేత్తో లెక్క వేశారు. ఆ దేశం అప్పుడే పౌండ్ల నుంచి కిలోలకు మారుతోంది. లీటరుకు 0.8 కిలోలని వేయవలసిన చోట, పాత అలవాటు కొద్దీ పౌండ్ల లెక్క 1.77 వేశారు. కావలసినదాంట్లో సగం కూడా పోయలేదన్న మాట. గాల్లో ఉండగానే ఇంజన్లు రెండూ ఆగిపోయాయి. పైలట్ దాన్ని గాలిపటంలా తేలుస్తూ గిమ్లీ అనే ఊళ్లో వాడకం మానేసిన పాత సైనిక రన్‌వే మీద దింపాడు. 69 మందీ బతికారు. శేరుకూ కిలోకూ తేడా తెలియక పాయసం పాడుచేసిన కొత్త కోడలిని ఇక మనం ఏమీ అనకూడదు!

నోరు తెరిచి చెప్పకపోతే...

అన్నిటికన్నా నా మనసును కలచివేసింది ఇంకొకటుంది. 1990 జనవరి 25. కొలంబియా దేశం నుంచి న్యూయార్క్ వస్తున్న ఏవియాంకా విమానం. వాతావరణం బాగాలేదు. దిగే విమానాలన్నీ వరసలో ఉన్నాయి. దీన్ని గాల్లోనే మొత్తం గంటా పదిహేడు నిమిషాలు తిప్పారు. ఇంధనం అడుగంటుతోంది. పైలట్లు కింద ఉన్నవాళ్లకు మాకు ముందు చోటివ్వండి అన్నారు, ఇంధనం అయిపోతోంది అని కూడా అన్నారు. కానీ 'ఎమర్జెన్సీ' అన్న ఒక్క మాట అనలేదు. ఆ మాట చెప్పమని కెప్టెన్ తన భాషలో పక్కనున్న పైలట్‌కు చెప్పాడు. అతను రేడియోలో మళ్లీ మెత్తగా ఇంధనం సంగతే అన్నాడు. కిందవాళ్లకు అది మామూలు విన్నపంలా వినపడింది. విమానం ఊరి అంచున గుట్ట మీద కూలిపోయింది. 158 మందిలో 73 మంది చనిపోయారు.

ఆ తరవాత విమానయాన నియమాల్లో రెండు మాటలు కచ్చితంగా రాసుకున్నారు. ఇక ఆలస్యమైతే నిలవ ఇంధనంలో చెయ్యి పెట్టాల్సి వస్తుంది అనుకుంటే 'మినిమమ్ ఫ్యూయల్' అనాలి. పెట్టక తప్పదు అని తేలితే 'మేడే ఫ్యూయల్' అని మూడుసార్లు మేడే చెప్పి మరీ అరవాలి. మొహమాటం లేదు, గౌరవం పోతుందన్న బెంగ లేదు.

ఇది చదివి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. మనమెన్నిసార్లు అలా మెత్తగా చెప్పి ఊరుకున్నాం? "ఏం లేదులెండి, కాస్త నలతగా ఉంది" అంటాం. గుండెలో నొప్పి వస్తున్నా "గ్యాస్ అయ్యుంటుంది" అంటాం. వినేవాళ్లు కూడా విన్నట్టే ఉండి, వాళ్ల వరసలో వాళ్లుంటారు.

అత్త చెప్పిన సంగతి

ఆర్నెల్లకు అత్త వచ్చింది. మనవడి ఫోటోలు, చాక్లెట్లు. చూడ్డానికి ఆళ్లగడ్డ వెళ్లాను. భోజనాలయ్యాక నడవాలో చాప మీద వాలి మెల్లగా చెప్పింది.

"నా గడియారం మన టైమే చూపిస్తాండె. రాత్రి తొమ్మిదయింది గదా అని సూది పొడుచుకుంటి. అన్నం బండి వచ్చేలోపలే పైలట్ ఏమో చెప్పినాడు. ఇంగ్లీషులో ఒకసారి, ఇంకేదో భాషలో ఒకసారి. బండి వెనక్కి పాయ. విమానం కిందికి దిగబట్టె. కిటికీలో చూస్తే అంతా తెల్లగా మంచు. అమెరికా వచ్చేసిందనుకుంటి. ఎవరూ లేయరు. బెల్టులు తీసేయమన్నారు, కానీ దిగనీరు. గంటయింది. చెమటలు పట్టె, చేతులు వణక్కపట్టె. మురుకులు, నిప్పట్లు అన్నీ పెద్ద పెట్టెలో పెడితిమి గదా, చేతిసంచి బరువని."

"అడగలేకపోయావా అత్తా? ఆ గుండీ నొక్కితే వచ్చేవాళ్లు కదా."

"ఎట్ల అడిగేది అమ్మీ? అందరూ కమ్మగ కూచున్యారు. నేనొక్కదాన్నే ఆకలని అడిగితే ఏమనుకుంటారో అని."

పక్క సీట్లో ఉన్న తమిళావిడ అత్త మొహం చూసి, "షుగరా?" అని అడిగి, తన సంచిలోంచి చాక్లెట్ తీసి నోట్లో పెట్టిందట. ఆవిడే గుండీ నొక్కింది. ఎయిర్‌హోస్టెస్ పండ్లరసం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. పక్కనే మోకాళ్ల మీద కూర్చుని తాగించింది. ముందే ఒక మాట చెప్పి ఉంటే అప్పుడే ఇచ్చేవాళ్లం కదమ్మా అందట.

ఈ సంగతి అత్త కూతురికి ఇంతవరకూ చెప్పలేదు. పచ్చి బాలింత, బెంగ పెట్టుకుంటుందని. మామకూ చెప్పలేదు. నాకు వెన్నులో చలి పుట్టింది. విమానం క్షేమంగా ఉంది. ఇంధనం తక్కువై ప్రాణం మీదికి వచ్చింది లోపలున్న మనిషికి!

మీవాళ్లు బయల్దేరుతుంటే...

ఇప్పుడు మన ఊళ్లలో ఇంటికొకరు అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉన్నారు. 2021 మార్చిలో మన ఓర్వకల్లులోనే, నంద్యాల-కర్నూలు దారిమీద, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరుతో విమానాశ్రయం కూడా తెరిచారు. అమ్మలు, అత్తలు ఒంటరిగా ఎక్కే రోజులివి. అందుకని ఈ నాలుగు మాటలు:

- మందులు, ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో కాదు. రెండు మూడు రోజులకు అదనంగా, డాక్టరు చీటీతో సహా పెట్టండి.

- గడియారం చూసి ఇన్సులిన్ వేసుకోవద్దు. టైము మారే ప్రయాణంలో ఎలా వేసుకోవాలో ముందే డాక్టరును అడగండి. భోజనానికి ముందు వేసుకునేదైతే పళ్లెం ముందుకొచ్చాకే.

- చేతిసంచిలో మురుకులో, వేరుశనగ ఉండలో, బిస్కెట్లో ఉంచండి. కాస్త చక్కెర, చాక్లెట్ తప్పనిసరి. పండ్లు, మాంసం లాంటివి ఆ దేశంలో దిగేలోపే తినేయాలి, లేదా అధికారులకు చెప్పాలి.

- ఒక కాగితం మీద ఇంగ్లీషులో పేరు, జబ్బు, మందులు, పిల్లల ఫోన్ నంబరు, తరవాత ఎక్కాల్సిన విమానం రాసి ఇవ్వండి. మాట రాకపోతే చీటీ చూపిస్తే చాలు.

- ఇంధనం పోసేటప్పుడు మామూలుగా ప్రయాణికులను దిగనివ్వరు. బెల్టు తీసి ఉంచమంటారు, అవసరమైతే త్వరగా బయటపడటానికి. కంగారు పడక్కర్లేదు. గంట, రెండు గంటలు పట్టొచ్చు. పైలట్ల డ్యూటీ గంటలు దాటిపోతే ఇంకా ఆలస్యం కావచ్చు.

- మధ్యలో మారాల్సి ఉంటే రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండేలా కొనండి. ఆలస్యమై రెండోది తప్పిపోతే ఇంకోదాంట్లో పంపే పూచీ వాళ్లదవుతుంది. విడివిడిగా కొంటే మన తిప్పలు మనవే.

- సీటు దగ్గరున్న గుండీ నొక్కడం ముందే నేర్పించండి. ఇంట్లోనే, ఫోటో చూపించి.

- ఇంట్లో ఉన్నవాళ్లు విమానం నంబరు రాసి పెట్టుకోండి. దారిలో దిగిందని తెలిస్తే ముందు కీడే ఊహించకండి.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. 2021 జనవరి 11న శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా ఎయిర్ ఇండియా విమానం బెంగళూరు వచ్చింది. దాదాపు 14 వేల కిలోమీటర్లు, సుమారు 17 గంటలు, ఎక్కడా దిగలేదు. నడిపింది నలుగురూ ఆడవాళ్లే. జోయా అగర్వాల్ నాయకత్వం వహిస్తే, మన తెలుగు పేరున్న పాపగారి తన్మయి కూడా అందులో ఉన్నారు. గాలి వాలు చూసుకుని, బరువు లెక్కేసుకుని, చివరి చుక్క దాకా తూచి నడిపించిన కాపురమది!

ఆ రోజు సాయంత్రం బస్సెక్కించడానికి అత్త రోడ్డు దాకా వచ్చింది. ఏవియాంకా విమానం కథ అప్పటికే చెప్పాను. అరటిపండ్ల సంచి నా చేతికిస్తూ అంది:

"అంత పెద్ద విమానమే, నూనె చాల్లేదని సిగ్గుపడకుండా దారిలో దిగి అడుక్కునింది. నాకేమొచ్చె అమ్మీ, నోరు కట్టేసుకుని కూచుండేకి?"

"అయితే ఆ సంగతి వదినెకు చెప్తావా అత్తా? మామకు?"

కాసేపు మాట్లాడలేదు. బస్సు శిరివెళ్ల మెట్ట దాటేసరికి మామ ఫోన్. గొంతులో కోపం, కన్నీళ్లు రెండూ ఉన్నాయి.

"చూడమ్మీ, ఇన్నాళ్లూ దాచిపెట్టింది మీ అత్త!"

చెప్పేసిందన్న మాట. నేను కిటికీ పక్కన కూర్చుని, హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.